వినడానికొచ్చిన అతిథి

రండి, ఇలా వరండాలోకి రండి. మా విశాఖలో డిసెంబరు చలికి కుంపటి అక్కర్లేదు. భుజాల మీద ఒక శాలువా, చేతిలో వేడి కాఫీ గ్లాసు, ఎదురుగా వినే మనిషి ఉంటే చాలు. ఈసారి మీతో అతిథుల కబుర్లు చెప్పుకోవాలనుంది. ఇంటికొచ్చే చుట్టాల సంగతి కాదు, సభకొచ్చే అతిథుల సంగతి. మొన్నో పెళ్లిలో మీలాంటి పాఠకుడొకాయన కనిపించి, "మా ఊళ్లో ప్రసంగాలు నేర్చుకునే క్లబ్బు ఒకటి పెట్టుకున్నామండీ. పై నాయకులెవరో చూడ్డానికి వస్తామన్నారు. ఏం పెట్టాలో, ఎక్కడ కూర్చోబెట్టాలో, ఎవరిచేత మాట్లాడించాలో తెలియక కంగారుగా ఉంది" అన్నారు. పంక్తిలో కూర్చుని తింటూ చెప్పే విషయం కాదది. అందుకే ఇవాళ తీరిగ్గా చెబుతున్నాను.

నేను పదకొండేళ్లుగా టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులో ఉన్నాను. ఆ పేరు విన్నవాళ్లు ఇదేదో వంటల సంఘం అనుకుంటారు. పడమటి దేశాల్లో పెద్ద విందు జరిగితే, మాట్లాడేవాళ్లను ఒక్కొక్కరినే పరిచయం చేస్తూ, పిలుస్తూ, సభను నడిపించే మనిషి ఒకరుంటారు. ఆయన్నే టోస్ట్‌మాస్టర్ అంటారు. అంటే వక్త కాదు, వక్తను పిలిచేవాడు. ఆతిథ్యం ఇచ్చేవాడు. ప్రసంగం నేర్పే సంస్థ పేరులోనే ఆతిథ్యం ఉందన్నమాట. క్లబ్బులో చేరిన చాలాకాలానికి గానీ నాకీ సంగతి తట్టలేదు. తట్టింది మొదలు, ఎవరైనా అతిథి వస్తున్నారంటే అది అదనంగా మీద పడ్డ పని అనిపించడం మానేసింది. మేం నేర్చుకునేదే అది.

ఈ సంస్థను మొదలుపెట్టినాయన రాల్ఫ్ స్మెడ్లీ. అమెరికాలో వై.ఎం.సి.ఏ.లో పనిచేసేవారు. అక్కడికొచ్చే కుర్రాళ్లకు చదువుంది, ఆలోచన ఉంది, నలుగురి ముందు లేచి నిలబడి చెప్పే ధైర్యం మాత్రం లేదని గమనించి, 1905లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని బ్లూమింగ్‌టన్‌లో ఒక బృందాన్ని కూర్చారు. ఆయన ఉద్యోగరీత్యా ఊళ్లు మారుతూ వచ్చారు. చివరికి 1924 అక్టోబర్ 22న కాలిఫోర్నియాలోని శాంటా అనాలో, వై.ఎం.సి.ఏ. భవనం నేలమాళిగలో పెట్టిన క్లబ్బు నిలదొక్కుకుంది. ఆ నేలమాళిగ నుంచే ఇప్పుడు నూటికి పైగా దేశాలకు పాకింది. మన దేశం నుంచి దీపక్ మీనన్ 2019-20లో దానికి అంతర్జాతీయ అధ్యక్షులయ్యారు.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఈ సంస్థలో క్లబ్బు అధ్యక్షుల దగ్గర్నుంచి అంతర్జాతీయ అధ్యక్షుల దాకా ఎవరికీ జీతం లేదు. అందరూ స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లే. ఆ పై నాయకులు ఏటా కొన్ని ప్రాంతాలకు వెళ్తారు, సభ్యుల్ని కలుస్తారు, క్లబ్బులు పెట్టమని కంపెనీల పెద్దలతో మాట్లాడతారు, మహాసభల్లో ప్రసంగిస్తారు. మన ఊరికి వచ్చే మనిషి సొంత ఉద్యోగానికి సెలవు పెట్టుకుని, ఇంట్లోవాళ్లను వదిలి, మన కోసం వస్తున్నారు. అది మనసులో పెట్టుకుంటే మిగతా మర్యాదలన్నీ వాటంతటవే వస్తాయి.

మా క్లబ్బుకు అలా ఒకావిడ వచ్చారు. ఆసియాలోనే మరో దేశం మనిషి. వృత్తి చేత ఉపాధ్యాయురాలు. వస్తున్నట్టు కబురు రాగానే మా కార్యవర్గం కూర్చుంది. మన సభలు ఎలా ఉంటాయో మీకు తెలుసు కదా. విమానాశ్రయంలో పాతికమంది, బ్యానరు, డప్పులు, గజమాల, వేదిక మీద తొమ్మిది కుర్చీలు, ప్రార్థన, జ్యోతి ప్రజ్వలన, స్వాగత నృత్యం, శాలువా, జ్ఞాపిక, వందన సమర్పణ. ఆ జాబితా రాస్తుంటే అందరి ముఖాలూ వెలిగిపోతున్నాయి. అందులో తప్పేమీ లేదు. మన ప్రేమను మనం అలా చూపిస్తాం. కానీ నాకు పాత సంగతి ఒకటి గుర్తుకొచ్చి మనసు కలుక్కుమంది.

అది చాలా ఏళ్ల కిందటి మాట. ఒక ఊళ్లో ఒక సంస్థ వార్షికోత్సవం. ముఖ్య అతిథిగా ఒక విశ్రాంత తెలుగు మాస్టారిని పిలిచారు. ఆయన్ను ఒప్పించి తీసుకెళ్లింది నేనే. సాయంత్రం అయిదింటికి వేదికనెక్కించారు. నివేదికలు, సన్మానాలు, సన్మానం చేసినవాళ్లకు సన్మానాలు, పరిచయం చేసేవారి అరగంట ఉపన్యాసం. మాస్టారి చేతికి మైకు ఇచ్చేసరికి రాత్రి తొమ్మిదిన్నర. చివరి బస్సు అందుకోవాలని జనం లేచి వెళ్లిపోయారు. ఆయన వారం రోజులు కూర్చుని రాసుకొచ్చిన కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, మూడంటే మూడు మాటలు చెప్పి దిగిపోయారు. తిరుగు ప్రయాణంలో ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. ఆ కాగితాల్లో ఏముందో నేను అడగలేకపోయాను. ఇప్పుడు అడుగుదామన్నా ఆయన లేరు.

కాబట్టి నా మొదటి మాట ఇది. అతిథికి మనం ఇచ్చే పెద్ద మర్యాద ఆయన సమయాన్ని కాపాడటం. శాలువా లేకపోయినా ఎవరూ నొచ్చుకోరు. చెప్పదలుచుకున్నది చెప్పే వీలు లేకుండా వేదిక మీద నాలుగు గంటలు కూర్చోబెడితే మాత్రం, పిలిచి అవమానించినట్టే.

టోస్ట్‌మాస్టర్స్‌లో ఈ సమయం సంగతి చాలా పట్టుదలగా చూస్తారు. ప్రతి సభకూ టైమర్ అని ఒకరుంటారు. మామూలు ప్రసంగానికి అయిదు నుంచి ఏడు నిమిషాలు. అయిదో నిమిషానికి పచ్చ కార్డు, ఆరుకు పసుపు, ఏడుకు ఎరుపు చూపిస్తారు. ఆశువుగా మాట్లాడే టేబుల్ టాపిక్స్‌కు ఒకటి రెండు నిమిషాలే. మాటల మధ్య "అంటే... మరి... అదేంటంటే..." అని ఎన్నిసార్లు సాగదీశారో లెక్కపెట్టడానికి ఒకరుంటారు. భాష చూడ్డానికి ఒకరు. ప్రసంగం ఎలా ఉందో రెండు మూడు నిమిషాల్లో విడమర్చి చెప్పే సమీక్షకులు మరొకరు. ఎంత పెద్దవాళ్లకైనా ఎరుపు కార్డు ఎరుపే. క్లబ్బులో చేరిన మొదటి ఏడాది ఈ కార్డులు నాకు చాలా నిర్దయగా అనిపించాయి. మాస్టారి సంగతి గుర్తుకొచ్చిన రోజు నుంచి వాటిలో దయ కనిపించడం మొదలైంది. ఒకరి గడియారాన్ని మరొకరు తినెయ్యకుండా కాపలా కాసే కార్డులవి.

సరే, మా కార్యవర్గం దగ్గరికి వద్దాం. విమానం తెల్లవారుజామున దిగుతుందని తెలిసి, స్వాగతానికి ఇద్దరే వెళ్లాలని తేల్చాం. ఆ వేళలో మనిషికి కావలసింది పూలదండ కాదు, పక్క. రెండు విమానాలు మారి వచ్చిన మనిషి చేత పాతికమందితో ఫొటోలు తీయించుకోవడం ఎందుకు? ఆ ఇద్దరిలో ఒకరు ఆడమనిషి అయ్యేలా చూశాం. బండి నడిపేవారి ఫోను నంబరు, బస చేసే ఇంటి చిరునామా, మూడు రోజుల కార్యక్రమం గంటల వారీగా, అన్నీ ఒక కాగితం మీద రాసి వారం ముందే పంపాం. ఆ కాగితంలో "విశ్రాంతి" అని రోజుకు రెండు గంటలు విడిగా రాయించాను. తరవాత ఆవిడ ఆ గళ్లు చూపించి, "ఎన్నో చోట్లకు వెళ్లాను, ఈ మాట రాసి పంపింది మీరే" అన్నారు.

ఇంకో చిన్న పని చేశాం, అందరూ మరిచిపోయేది. ఆవిడ పేరు ఎలా పలకాలో ముందే అడిగాం. తన గొంతుతోనే పలికి ఫోనులో పంపారు. దాన్ని మా క్లబ్బులో అందరం పదిసార్లు విని పదిసార్లు పలికాం. మన పేర్లను బయటివాళ్లు విరగ్గొట్టి పలికితే ఎలా ఉంటుందో తెలుగువాళ్లకు ఒకరు చెప్పాలా? అతిథి పేరు సరిగ్గా పలకడానికి ఖర్చేమీ లేదు. కానీ సభలో ఆ పేరు సొంత ఊళ్లో పలికినట్టే వినిపించేసరికి ఆవిడ ముఖంలో వచ్చిన వెలుగు ఏ గజమాలకూ రాదు.

బస మా ఇంట్లోనే. హోటలు గది చూద్దామన్నారు గానీ, ఇంటి భోజనం ఇష్టమని ఆవిడే రాశారు. మా అమ్మకు ఎనభై దాటాయి. ఇంగ్లీషు ముక్క రాదు. అయినా అతిథి గడపలో అడుగు పెట్టగానే చెయ్యి పట్టుకుని, "అలిసిపోయి వచ్చావమ్మా, ముందు కాస్త పడుకో, మాటలు రేపు" అంది. నేను ఆ మాటను ఇంగ్లీషులో చెప్పబోతే ఆవిడ నవ్వి, "అర్థమైంది" అన్నారు. నిజంగానే అర్థమైంది. తిన్నగా గదిలోకి వెళ్లి పడుకున్నారు.

భోజనం దగ్గర మన ప్రేమ కాస్త ఎక్కువ పొంగుతుంది. "ఇంకొంచెం, ఇంకొంచెం" అని విస్తరి నింపుతాం. అతిథి మర్నాడు మైకు ముందు నిలబడాల్సిన మనిషైతే చెయ్యి కాస్త బిగపట్టాలి. గొంతుకు మంట పెట్టేవి, నూనెలో తేలేవి ఆ రోజుకు వద్దు. మేం పొద్దున్నే ఇడ్లీ, అల్లం తగ్గించిన పెసరట్టు పెట్టాం. మధ్యాహ్నం ముద్దపప్పు, నెయ్యి, బీరకాయ కూర, పలచని చారు, పెరుగన్నం. గోంగూర పచ్చడి, ఆవకాయ చిన్న గిన్నెల్లో పక్కన పెట్టి, ఏది ఎంత కారమో చెప్పాం. వేసుకోవడం ఆవిడ ఇష్టం. సభ అయ్యాక ఆ రాత్రి ఆవకాయన్నం ముద్ద కలిపి పెట్టమని అమ్మనే అడిగారు. కళ్లలో నీళ్లొచ్చినా రెండో ముద్దకు చెయ్యి చాపారు. ప్రసంగానికి ముందు కాగి చల్లారిన నీళ్లు, తరవాత మజ్జిగ. ఐసు వేసిన పానీయం ఏ వక్తకూ ముందుగా ఇవ్వకండి.

రెండో రోజు పొద్దున్న భీమిలి దారిలో తొట్లకొండకు తీసుకెళ్లాను. కొండ మీద రాతిలో తొలిచిన నీటి తొట్లుండబట్టే దానికా పేరు. రెండు వేల ఏళ్ల కిందట అక్కడ బౌద్ధ భిక్షువులు ఉండేవాళ్లు. చిన్న చిన్న గదుల పునాదులు వరసగా ఇప్పటికీ కనిపిస్తాయి. కింద సముద్రం. ఆవిడ ఒక తొట్టి అంచున నిలబడి చాలాసేపు లోపలికి చూశారు. "కొండ మీద ఇన్ని నీళ్లు దాచుకున్నారంటే తమకోసమే కాదు, వచ్చేవాళ్ల కోసం కూడా అయ్యుంటుంది" అన్నారు. అది చరిత్రకారులు తేల్చాల్సిన మాట. నాకు మాత్రం, అతిథులు వస్తారని ముందే నీళ్లు పట్టి ఉంచుకునే ఇల్లు కళ్లకు కట్టింది.

ఇక అసలు సంగతికి వస్తాను. సభ ముందు మా క్లబ్బులో పెద్ద చర్చే జరిగింది. ఆ రోజు కార్యక్రమంలో మొదటి ప్రసంగం ఒక కుర్రాడిది. చిన్న మందుల కొట్లో పనిచేస్తాడు. క్లబ్బులో చేరి మూడు నెలలైంది. "ఐస్ బ్రేకర్" అంటారు, కొత్త సభ్యుడు తనను తాను పరిచయం చేసుకుంటూ నాలుగు నుంచి ఆరు నిమిషాలు మాట్లాడే తొలి ప్రసంగం. రెండుసార్లు భయపడి వాయిదా వేసుకున్నాడు. ఇప్పుడు సరిగ్గా ఆ రోజే అతని వంతు వచ్చింది. "అంత పెద్దావిడ ముందు ఆ కుర్రాడు తడబడితే క్లబ్బు పరువేం కాను? పోటీల్లో గెలిచిన మన ఇద్దరు ముగ్గురి చేత మాట్లాడిద్దాం, అతనిది వచ్చే వారానికి జరుపుదాం" అన్నారు కొందరు. అన్నవాళ్లు చెడ్డవాళ్లు కాదు. ఇంటికి చుట్టాలొస్తే మంచి పళ్లేలు బయటికి తీస్తాం కదా, ఆ మనస్తత్వమే. ఆ కుర్రాడు కూడా తలవంచుకుని, "పర్లేదండీ, నేను తరవాత మాట్లాడతాను" అన్నాడు. ఆ "పర్లేదు"లో అతనికి ఎంత హాయి ఉందో, ఎంత బాధ ఉందో రెండూ నాకు కనిపించాయి.

నేను అప్పుడు దుర్గాబాయి గారి సంగతి చెప్పాను. మీకు తెలిసే ఉంటుంది, అయినా మళ్లీ చెప్పుకోదగ్గ కథ. 1921లో గాంధీజీ కాకినాడ వస్తున్నారు. తరవాత దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గా దేశమంతా ఎరిగిన ఆవిడకు అప్పటికి పన్నెండేళ్లు నిండలేదు. ఊళ్లో దేవదాసీలు, ముస్లిం స్త్రీలు గాంధీజీ మాట వినాలని ఆ పిల్ల పట్టుబట్టింది. పెద్దలు అయిదు వేల రూపాయల నిధి ఇస్తే చూద్దామన్నారు. ఆ సొమ్ము పోగుచేసింది, సభకు చోటు కుదిర్చింది. గాంధీజీ అక్కడ కొద్ది నిమిషాలుంటారనుకుంటే చాలాసేపు మాట్లాడారు. ఆడవాళ్లు ఒంటి మీది నగలు తీసి ఇచ్చారు. ఆ పిల్ల ఆయన హిందీ ప్రసంగాన్ని తెలుగులో చెప్పింది. తరవాత పెద్ద సభలో అనువాదానికి కొండా వెంకటప్పయ్య గారంతటి దేశభక్తులు సిద్ధంగా ఉన్నా, ఆ పిల్ల చేతే చెప్పించమన్నారు గాంధీజీ.

ఇందులో నేను చూసేదేమిటంటే, అంత పెద్ద అతిథి వచ్చిన రోజున ఒక చిన్నపిల్లకు గొంతు వచ్చింది. పెద్దవాళ్లు ఆమెను వెనక్కి నెట్టి, వేదిక మీద అనుభవజ్ఞులనే నిలబెట్టి ఉంటే ఆ సభ ఏ లోటూ లేకుండా జరిగిపోయేది. మనకు మాత్రం ఈ కథ ఉండేది కాదు. అదే దుర్గాబాయి 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభలప్పుడు ఖద్దరు ప్రదర్శన ద్వారం దగ్గర కార్యకర్తగా నిలబడి, టికెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఆపేసింది. టికెట్టు కొన్నాకే లోపలికి పోనిచ్చింది. నెహ్రూ నొచ్చుకోలేదు, మెచ్చుకున్నారు. అతిథి గొప్పవారైతే మన నియమం మనం పాటించినందుకు సంతోషిస్తారు. మా టైమర్‌కు ఆ రోజు నేను చెప్పిన ధైర్యం ఇదే. ఆవిడ సమయం మించినా ఎరుపు కార్డు ఎత్తమన్నాను.

చివరికి అతిథినే అడుగుదామనుకున్నాం. ఆవిడకు రాస్తే రెండు వాక్యాల జవాబు వచ్చింది. కార్యక్రమంలో ఏమీ మార్చవద్దని మొదటిది. తొలి ప్రసంగం విని చాలా రోజులైందని, దానికోసం ఎదురుచూస్తానని రెండోది. కార్యవర్గంలో ఇంకెవరూ మాట్లాడలేదు.

సభ సరిగ్గా ఆరింటికి మొదలైంది. వేదిక మీద కుర్చీలు వెయ్యలేదు. అతిథి రెండో వరసలో, సభ్యుల మధ్య కూర్చున్నారు. జ్యోతి వెలిగించింది మా క్లబ్బులో అందరికంటే చిన్న సభ్యురాలు. అతిథి పరిచయం ఒకటిన్నర నిమిషం. ఆవిడే రాసి పంపిన నాలుగు వాక్యాలు, వాటికి ముందు మా మాట ఒక్కటి. కుర్రాడి పేరు పిలిచారు. సభ నడిపేవారు ఎదురెళ్లి చెయ్యి కలిపి, ఆ చోటు అతనికి అప్పగించి పక్కకు తప్పుకున్నారు. మాట్లాడే చోటును ఒక్క క్షణం కూడా ఖాళీగా వదలకూడదని మాకో ఆచారం. ఒకరు అప్పగిస్తేనే ఇంకొకరు వెళ్తారు.

అతను తన కొట్టు గురించి చెప్పాడు. రాత్రి పదింటికి తలుపు వేస్తుంటే ఒక ముసలాయన పరుగెత్తుకొచ్చిన సంగతి మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయాడు. మాట రావడం లేదు. పెదవులు కదులుతున్నాయి. మనకు అలవాటేమిటి, ఎవరో ఒకరు మాట అందిస్తాం, లేదా జాలిపడి చప్పట్లు కొట్టి పంపేస్తాం. మా క్లబ్బులో అలా చెయ్యరు. అందరం ఎదురుచూశాం. రెండో వరసలో అతిథి ముందుకు వంగి, అతని కళ్లలోకే చూస్తూ కూర్చున్నారు. ఆ చూపులో తొందర లేదు. ఎంతసేపు గడిచిందో, అతను గట్టిగా ఊపిరి పీల్చి, "ఆ ముసలాయన మా నాన్నకు మాస్టారు" అని అందుకున్నాడు. ఆ తరవాత ఆగలేదు. ఎరుపు కార్డుకు ముందే ముగించి, వెళ్లి తన కుర్చీలో కూర్చుని ముఖం తుడుచుకున్నాడు. చప్పట్లు అప్పుడు మోగాయి.

తరవాత అతిథి ప్రసంగం, ఇరవై నిమిషాలు. ఈ సంస్థలో 1973 దాకా ఆడవాళ్లకు సభ్యత్వమే లేదని గుర్తుచేశారు. హెలెన్ బ్లాంచర్డ్ అనే ఆవిడ అంతకు మూడేళ్ల ముందే హోమర్ అని మగపేరు రాయించుకుని చేరారనీ, 1985లో ఆవిడే మొదటి మహిళా అంతర్జాతీయ అధ్యక్షురాలు అయ్యారనీ చెప్పారు. మా ఆడపిల్లలు కొందరు ఆ మాట విని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివర, మా అమ్మ దగ్గర నేర్చుకున్న ఒక్క తెలుగు వాక్యం చెప్పారు: "మీ ఇంటి అన్నం తిన్నాను, మీ మాట విన్నాను." పక్కన కూర్చున్న అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఇక్కడితో వందన సమర్పణ చేసి ముగించెయ్యాలి. ఆవిడ ముగించనివ్వలేదు. "అందరి ప్రసంగాలకూ సమీక్ష ఉంది, నాకు లేదా?" అని అడిగారు. ఎవరూ లేవలేదు. అంత పెద్ద మనిషికి మనమేం చెబుతాం? అప్పుడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ డిగ్రీ చదువుకుంటున్న ఒక అమ్మాయి చెయ్యెత్తింది. ముందుకెళ్లి, నచ్చినవి రెండు చెప్పింది. ఆ తరవాత నెమ్మదిగా, "మేడమ్, కథ చెప్పేటప్పుడు మీరు ఎడమవైపు వాళ్లనే చూశారు. మేం కుడివైపు చివర కూర్చున్నాం. మీ ముఖం మాకు దొరకలేదు" అంది. హాల్లో చప్పుడు లేదు. అతిథి సంచీలోంచి చిన్న పుస్తకం తీసి ఆ మాట రాసుకున్నారు. రాసుకుని లేచి, ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లి రెండు చేతులూ జోడించారు.

ఎన్నో సభలు చూశాను. ఇంత పెద్ద పాఠం ఎక్కడా వినలేదు. అక్కడికి నాయకురాలిగా వచ్చిన మనిషి, వినేచోట అందరికంటే ముందు కూర్చున్నారు. ఆవిడ మాకు నేర్పింది మాట్లాడటం కాదు. మాట్లాడటం మేం కార్డులు చూసుకుంటూ నేర్చుకోగలం. వినడం మాత్రం వినేవాళ్లను చూసే నేర్చుకోవాలి.

కానుకగా ఏటికొప్పాక లక్క బొమ్మ ఒకటి ఇచ్చాం. అంకుడు కర్ర తేలిగ్గా ఉంటుంది, పెట్టెలో బరువు కాదు. రంగులు చెట్ల నుంచి తీసినవి. దానితోపాటు దాన్ని ఎవరు, ఎలా చేస్తారో ఒక చీటీ మీద రాసి ఇచ్చాం. అడుగెత్తు గాజు జ్ఞాపికలు, ఇత్తడి పళ్లేలు వద్దనుకున్నాం. విమానంలో వెళ్లే మనిషికి బరువు ఇస్తే, దాన్ని విమానాశ్రయం దాకా మోసి అక్కడే ఎవరికో అప్పగించాల్సి వస్తుంది. అది ఇచ్చేవారికీ పుచ్చుకునేవారికీ కష్టమే.

అతిథి బండి ఎక్కగానే మన పని అయిపోయిందనుకోకండి. సగం మిగిలే ఉంటుంది. ఆవిడ చెప్పినవాటిలో మనం ఏం మొదలుపెట్టామో నెలలోపు ఒక ఉత్తరం రాయాలి. ఫొటోలు పంపడం కాదు, పని చెప్పడం. మేం రాసేలోగానే ఆవిడ దగ్గర్నుంచి కబురొచ్చింది. తరవాత వెళ్లిన ఊళ్లో కుడివైపు చివరి వరసను చూసి ప్రసంగం మొదలుపెట్టానని, ఆ సంగతి ఆ అమ్మాయికి చెప్పమని. చెప్పాను. ఆ అమ్మాయి ఇప్పుడు మా క్లబ్బు కార్యవర్గంలో ఉంది. మందుల కొట్టు కుర్రాడు ఆరో ప్రసంగం పూర్తిచేశాడు.

కాబట్టి, పెళ్లిలో అడిగిన అన్నగారికీ, ఇలాంటి సభలు పెట్టే మీ అందరికీ నా మాట ఇది. మీ సంఘం ఏదైనా కావచ్చు, ప్రసంగాల క్లబ్బు, గ్రంథాలయం, మహిళామండలి, బడి వార్షికోత్సవం. పెద్ద అతిథి వస్తున్నప్పుడు మంచి పక్క, ఇంటి భోజనం, సరిగ్గా పలికిన పేరు, చెప్పిన వేళకు మొదలయ్యే సభ, ఈ నాలుగూ అమర్చండి. ఆ తరవాత కార్యక్రమ పత్రం రాసేటప్పుడు, ఇంతవరకూ ఒక్కసారి కూడా మైకు పట్టుకోని మనిషి మీలో ఎవరో వెతకండి. ఆ పేరు మొదటి వరసలో రాయండి. దాన్ని ఎవరు కొట్టెయ్యమన్నా కొట్టెయ్యకండి.